పది మీటర్ల ఎయిర్ పిస్టల్: గురి కుదిరే సాధన

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. దాదాపు చొక్కా గుండీ అంత. పెల్లెట్ (పిస్టల్ గుండు) వ్యాసం 4.5 మి.మీ. పెల్లెట్ అంచు వలయం గీతను తాకినా ఆ పాయింటు దక్కుతుంది కాబట్టి, పెల్లెట్ మధ్యభాగం టార్గెట్ నడిమధ్య నుంచి 8 మి.మీ. వరకు తప్పినా పదే వస్తుంది. ఆ తర్వాత ప్రతి 8 మి.మీ.కు ఒక్కో పాయింటు పోతుంది. ఈ 8 అనే అంకె గుర్తుంచుకోండి. సాధన అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కొత్తగా పిస్టల్ పట్టినవారు మొదట చెప్పే మాట "చేయి వణుకుతోంది" అని. చేయి అందరిదీ కదులుతుంది, ఒలింపిక్ పతకం తెచ్చినవారిది కూడా. ఆ కదలిక ఎంత నష్టం చేస్తుందో లెక్క వేసి చూడండి. గొట్టం మీద గురి చూసుకునే భాగాలు, అంటే ముందు సైటు, వెనక సైటు ఒకదానితో ఒకటి సరిగ్గా కుదిరి ఉండి, మొత్తం పిస్టలే పక్కకు ఊగిందనుకుందాం. సైట్లు టార్గెట్ మీద ఎంత జరిగినట్టు కనిపిస్తే పెల్లెట్ కూడా అంతే జరుగుతుంది. సైట్ల మధ్య పొత్తు చెడితే మాత్రం కథ వేరు. మ్యాచ్ పిస్టల్‌లో రెండు సైట్ల మధ్య దూరం దాదాపు 320 మి.మీ. టార్గెట్ 10,000 మి.మీ. దూరంలో ఉంది. అంటే సైట్ల దగ్గర జరిగిన తప్పు టార్గెట్ మీద 31 రెట్లు అవుతుంది. ముందు సైటు, వెనక సైటు గాడిలో పావు మిల్లీమీటరు, అంటే మూడు వెంట్రుకల మందం పక్కకు ఒరిగితే చాలు, 8 మి.మీ. ఖర్చయిపోయి పది తొమ్మిదవుతుంది.

అందుకే చేతిని రాయిలా బిగించడానికి నెలలు వెచ్చించడం వృథా. ట్రిగ్గర్ తెగే (పెల్లెట్‌ను వదిలే) క్షణంలో సైట్ల పొత్తు చెడకుండా చూసుకోవడం నేర్చుకోవాలి. కింద చెప్పే ప్రతి పనీ ఆ ఒక్కదాని కోసమే. వివరాలన్నీ కుడిచేతి వాటం వారికి రాసినవి. ఎడమచేతి వాటం వారు దిక్కులు తిరగేసుకోండి.

ముందు జాగ్రత్తలు

ఎయిర్ పిస్టలే కదా అని చులకన వద్దు. అర గ్రాము పెల్లెట్ సెకనుకు దాదాపు 150 మీటర్ల వేగంతో వెళుతుంది. కన్ను పోవడానికి అది చాలు. గొట్టం మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. గురి మొదలయ్యేదాకా వేలు ట్రిగ్గర్ మీదకు రాకూడదు. పిస్టల్ బల్ల మీద పెట్టగానే గొట్టంలోంచి సేఫ్టీ ఫ్లాగ్ (లోపల పెల్లెట్ లేదని చూపే రంగు తీగ) దూర్చాలి. మనుషులు టార్గెట్ల దగ్గరకు వెళ్లినప్పుడు పిస్టల్‌ను ముట్టుకోకూడదు. రేంజ్ (షూటింగ్ చేసే చోటు) అధికారి "స్టాప్" అంటే ట్రిగ్గర్ సగం నొక్కి ఉన్నా సరే ఆపేయాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి. సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి, రేంజ్‌లో టిఫిన్ డబ్బా తెరవకండి.

గాలి సిలిండర్‌ను 200 బార్ ఒత్తిడి వరకు నింపుతారు. దాని మీద తయారీ తేదీ ఉంటుంది. పదేళ్లు దాటిన సిలిండర్‌ను పోటీల్లో ఒప్పుకోరు, మీరూ వాడకండి. సెకండ్‌హ్యాండ్ పిస్టల్ కొనేటప్పుడు గొట్టం కన్నా ముందు ఆ తేదీ చూడండి.

పిస్టల్‌ను చేతికి కుదుర్చుకోవడం

స్టెయర్, మొరిని, వాల్తర్, పార్డిని, ఫైన్‌వెర్క్‌బౌ. వీటిలో ఏది తీసుకున్నా పదిలో పది కొట్టగల యంత్రమే. నియమాల ప్రకారం బరువు 1500 గ్రాములు మించకూడదు, ట్రిగ్గర్ తెగడానికి కావలసిన బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. చాలా మ్యాచ్ పిస్టళ్లు కిలో అటూ ఇటూ ఉంటాయి. ఏ బ్రాండ్ కొనాలా అని తల పట్టుకునే సమయంలో సగం గ్రిప్ మీద పెడితే స్కోరు ఎక్కువ పెరుగుతుంది.

గ్రిప్ చెక్క చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో వస్తుంది. మీ సైజు తీసుకున్నా అరచేతికి అచ్చంగా సరిపోదు. సరిపోయిందో లేదో ఇలా చూడండి. పిస్టల్ పట్టుకుని, కళ్లు మూసుకుని, చేయి చాచి టార్గెట్ ఎత్తుకు తెచ్చి, మణికట్టు బిగించి, కళ్లు తెరవండి. ముందు సైటు వెనక సైటు గాడి మధ్యలో కనిపించాలి. పదిసార్లు చేయండి. ప్రతిసారీ ఎడమకే ఒరుగుతుంటే, లేదా ప్రతిసారీ కిందికే దిగుతుంటే, తప్పు చేతిది కాదు, గ్రిప్ కోణానిది. ఇప్పటి పిస్టళ్లలో చాలావాటికి గ్రిప్‌ను ముందుకూ వెనక్కూ, పక్కలకూ కొద్దికొద్దిగా తిప్పుకునే స్క్రూలు ఉంటాయి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, మళ్లీ పదిసార్లు చూడండి. మణికట్టు తిప్పి సైటును బలవంతంగా మధ్యలోకి లాగడం అలవాటు చేసుకుంటే ఇరవయ్యో షాట్‌కు కండరం అలిసిపోయి మళ్లీ తన దారిన పోతుంది. నలభయ్యో షాట్ నుంచి స్కోరు జారడానికి ఇదొక ముఖ్య కారణం.

కోణం కుదిరాక ఖాళీలు చూడండి. బొటనవేలి మొదట్లోనూ, అరచేతి గుంటలోనూ సాధారణంగా ఖాళీ మిగులుతుంది. అక్కడ చెక్కకు వాడే పుట్టీ లేదా ఎపాక్సీ పుట్టీ పలచగా పెట్టి, చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, షూటింగ్ భంగిమలోనే పట్టుకుని అచ్చు దిగనివ్వండి. కూర్చుని పట్టుకుంటే అచ్చు వేరేగా వస్తుంది. పూర్తిగా ఆరాక గరుకు కాగితంతో ఎత్తులు తీసేయండి. ఒక్క రోజులో అయిపోయే పని కాదిది. వారానికి కొంచెం చొప్పున నెల పట్టినా తొందరపడొద్దు. గ్రిప్‌లో ఏ భాగమూ మణికట్టును తాకకూడదు. తాకితే పరికరాల తనిఖీలో ఆపేస్తారు.

పట్టు ఎలా ఉండాలి? బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చీలిక వీలైనంత పైకి, గ్రిప్ వెనక భాగానికి ఆనుకోవాలి. బలమంతా నడిమి వేలు, ఉంగరం వేళ్లతో నేరుగా వెనక్కి రావాలి. చిటికెన వేలు ఊరికే ఆనుతుంది. బొటనవేలు పక్కన వాలి ఉండాలే తప్ప నొక్కకూడదు. చూపుడువేలు గ్రిప్ చెక్కను ఎక్కడా తాకకూడదు. తాకితే వేలు కదిలినప్పుడల్లా పిస్టల్‌ను పక్కకు నెడుతుంది. ఎంత గట్టిగా పట్టాలంటే, చేయి వణికేంత బిగించి, ఆ వణుకు ఆగేదాకా వదులు చేయండి. అదే మీ పట్టు. ఒకటో షాట్‌కూ అరవయ్యో షాట్‌కూ అది మారకూడదు. మధ్యలో పట్టు మారిస్తే అది మీ కంటికి కనిపించదు, టార్గెట్ మీద కనిపిస్తుంది.

నిలబడటం

కాళ్లు భుజాల వెడల్పు, బరువు రెండింటి మీదా సమానం, మోకాళ్లు బిగించకుండా తిన్నగా. ఎడమ చేయి జేబులోనో బెల్టులోనో ఉండాలి. గాలిలో వేలాడితే భుజాన్ని లాగుతూ ఉంటుంది. తల నిటారుగా ఉంచి టార్గెట్ వైపు తిప్పండి, భుజం మీదకు వంచకండి. ఈ పోటీలో పిస్టల్‌ను ఒక్క చేత్తోనే పట్టాలి, మణికట్టుకు ఏ ఆసరా ఉండకూడదు, చీలమండను కప్పే బూట్లు పనికిరావు.

పాదాలు టార్గెట్‌కు ఎంత కోణంలో ఉండాలన్నది ఒంటిని బట్టి మారుతుంది. దాన్ని కొలిచే పద్ధతి ఒకటే. కళ్లు మూసుకుని చేయి ఎత్తి, ఒకసారి ఊపిరి తీసి వదిలి, భుజాన్ని దాని మానాన అది నిలవనిచ్చి, కళ్లు తెరవండి. చేయి టార్గెట్‌కు ఎడమగా ఉంటే చేతిని జరపకండి. వెనక కాలిని కొద్దిగా జరిపి ఒళ్లు మొత్తం తిప్పండి. వెనక పాదం రెండు సెంటీమీటర్లు జరిగినా టార్గెట్ మీద చాలా తేడా వస్తుంది. రెండు మూడు సార్లకు కుదిరిపోతుంది. కుదిరాక పాదాల చుట్టూ సుద్దముక్కతో గీసుకోండి. ప్రతి పది షాట్లకూ ఒకసారి సరిచూడండి, ఎందుకంటే బల్ల మీదకు వంగి పెల్లెట్ తీసే తీరులోనే పాదాలు తెలియకుండా జరుగుతాయి. మధ్యలో కూర్చుని లేస్తే తప్పనిసరిగా చూడాలి.

చూపు ఎక్కడ

టార్గెట్‌లో నల్లటి భాగం వ్యాసం 59.5 మి.మీ. దాని నడిమధ్యకు గురి పెడితే నలుపు మీద నలుపు పడి ముందు సైటు అంచు తెలియదు. అందుకే నలుపు కింద ఉన్న తెల్లటి జాగాలో, నలుపుకూ కార్డు అడుగుకూ సుమారుగా మధ్యలో సైటు నిలుపుతారు. పెల్లెట్ నడిమధ్యకు వెళ్లేలా వెనక సైటును ముందే పైకి సర్దుకుంటారు. నలుపు అడుగంచుకు సైటును ఆనించి కొట్టడం కొందరికి సుఖంగా అనిపిస్తుంది. కానీ ఆ అంచును తాకాలన్న తాపత్రయంలో కన్ను టార్గెట్ మీదకు పోతుంది. తెల్ల జాగాలో నిలిపితే తాకడానికి ఏమీ ఉండదు, చూపు సైటు మీదే నిలుస్తుంది. మొదటి నుంచీ ఇదే నేర్చుకోండి.

కన్ను ఒకేసారి రెండు దూరాల మీద స్పష్టంగా నిలవదు. ముందు సైటు కత్తి అంచులా కనిపించాలి, టార్గెట్ మసకగా ఉండాలి. నల్లటి బింబం గుండ్రంగా, శుభ్రంగా కనిపిస్తోందంటే మీరు తప్పు చోట చూస్తున్నారు. ముందు సైటుకు రెండు పక్కలా కనిపించే తెల్లటి సందులు సమానంగా ఉండాలి. ఒక్కో సందు సైటు వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటే కొత్తవారికి తేలిక. సన్నటి సందులు కచ్చితంగా అనిపిస్తాయి గానీ చేయి కదిలినప్పుడల్లా ఒకటి మూసుకుపోయి కంగారు పెడతాయి.

ఎడమ కన్ను గట్టిగా మూస్తే రెండో కన్ను కూడా బిగుసుకుంటుంది. రెండూ తెరిచి ఉంచి, ఎడమ కంటి ముందు తెల్లటి చిన్న అట్ట వేలాడదీయండి. దాని వెడల్పు 30 మి.మీ. మించకూడదన్నది నియమం. నలభై దాటి, ముందు సైటు మసకబారుతోందంటే కళ్ల డాక్టరుకు విషయం చెప్పి, చాచిన చేతి చివర ఉన్న సైటు స్పష్టంగా కనిపించేలా అద్దం రాయించుకోండి. దగ్గరి చూపు కళ్లద్దాలు దీనికి సరిపోవు.

ట్రిగ్గర్

అసలు పాయింట్లు పోయేది ఇక్కడే. ట్రిగ్గర్ రెండు దశల్లో ఉంటుంది. 500 గ్రాముల్లో 350 దాకా మొదటి దశకు, మిగతాది రెండో దశకు పెట్టుకుంటే చాలామందికి సుఖం. రెండో దశ మొదలయ్యే చోట గోడలా వేలికి స్పష్టంగా తెలియాలి. సరిగ్గా 500 మీద ఆపితే తనిఖీలో బరువు తూచేటప్పుడు జారిపోవచ్చు. 10, 20 గ్రాములు ఎక్కువ ఉంచండి.

వేలి కొస మెత్త, అంటే మొదటి కణుపు మధ్యభాగం ట్రిగ్గర్ మీద ఆనాలి. మరీ కొస ఆనితే పెల్లెట్ ఎడమకు, కణుపు మడత దాకా పోతే కుడికి జరిగే ధోరణి ఉంటుంది. ట్రిగ్గర్ బ్లేడును ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు, వేలి పొడవును బట్టి సర్దండి. కదలాల్సింది రెండో కణుపు నుంచి ముందు భాగమే. మిగతా చేయి దానికి సంబంధం లేనట్టు ఉండాలి.

పది కనిపించింది, ఇప్పుడే నొక్కేయాలి అనుకున్నారో, అరచేయంతా ఒక్కసారి బిగుసుకుంటుంది. ముందు సైటు కిందికి, ఎడమకు దూకుతుంది. ఏడో ఎనిమిదో వస్తుంది, అదీ ఎడమ కింద. సైటు ఆ తెల్ల జాగాలో నెమ్మదిగా ఊగుతూ ఉండగానే వేలి మీద ఒత్తిడి ఆగకుండా పెరుగుతూ పోవాలి. ఏ క్షణాన తెగుతుందో కచ్చితంగా తెలియకూడదు. ఊగే పరిధి మీకు తొమ్మిదో వలయమంత ఉంటే షాట్లు పదిలో, తొమ్మిదిలో పడతాయి. నొక్కేసేవారికి అదే పరిధిలో ఎనిమిదులూ ఏడులూ పడతాయి. తేడా అంతా వేలిదే.

ఒక షాట్ వరస

పెల్లెట్ పెట్టి మూయండి. పట్టు సరిచూసుకోండి. రెండు సార్లు మామూలుగా ఊపిరి తీసి, మూడోసారి తీస్తూ చేయిని టార్గెట్ పైదాకా ఎత్తండి. సగం ఊపిరి వదులుతూ నెమ్మదిగా కిందికి దించండి. నలుపు దాటి దిగేటప్పుడే మొదటి దశ తీసేయండి. తెల్ల జాగాలోకి రాగానే చూపు ముందు సైటుకు కట్టేయండి, రెండో దశ ఒత్తిడి మొదలెట్టండి. జాగాలోకి వచ్చిన 5 నుంచి 8 సెకన్లలో షాట్ తెగాలి. తెగాక కూడా కనీసం ఒక సెకను చేయి దించకుండా, వేలు వదలకుండా, సైటు ఎక్కడికి తిరిగి వచ్చిందో చూడండి. దీన్నే ఫాలో త్రూ అంటారు. పెల్లెట్ గొట్టం దాటేలోపే చేయి సడలితే అంతవరకు చేసిందంతా బూడిదలో పోసినట్టే.

10 సెకన్లు దాటినా తెగకపోతే చేయి దించేయండి. అప్పటికి ఊపిరి తక్కువై కంటి చురుకు తగ్గుతుంది, కంట్లో సైటు బొమ్మ అచ్చుపడిపోయి కదిలినా తెలియదు. ఇంకొంచెం, ఇంకొంచెం అని పట్టుకుని కొట్టిన షాట్లలో మంచివి అరుదు. దించడం ఓటమి కాదు, నైపుణ్యం. అందుకే దాన్ని కూడా సాధన చేయాలి.

ఇంట్లో చేసేది: డ్రై ఫైరింగ్

మ్యాచ్ పిస్టళ్లలో పెల్లెట్, గాలి లేకుండా ట్రిగ్గర్ మాత్రం తెగే ఏర్పాటు ఉంటుంది. రోజుకు 20 నిమిషాలు ఇంట్లో దీనికిచ్చేవారు, ఆదివారం మాత్రం రేంజ్‌లో వంద పెల్లెట్లు కాల్చేవారిని మూడు నెలల్లో దాటేస్తారు. పెల్లెట్ డబ్బా వేరే గదిలో పెట్టండి. గొట్టం ఖాళీగా ఉందని రెండుసార్లు చూడండి. అయినా గోడ అవతల మనుషులుండే దిక్కుకు గురిపెట్టకండి.

మొదటి పది నిమిషాలు ఖాళీ తెల్లగోడ. గోడకు ఒక మీటరు దూరంలో పిస్టల్ మూతి ఉండేలా నిలబడి, పైన చెప్పిన వరస మొత్తం చేయండి. టార్గెట్ లేదు కాబట్టి తొందర పుట్టదు. ట్రిగ్గర్ తెగిన క్షణంలో ముందు సైటు గాడిలో కదిలిందా? అదొక్కటే ప్రశ్న. కదిలితే ఏ వైపు? 20 సార్లలో ఎన్నిసార్లు కదలకుండా ఉందో పుస్తకంలో రాయండి. 20లో 17 నిశ్చలంగా వచ్చేదాకా ఇంట్లో టార్గెట్ కాగితం అంటించకండి.

ఆ తర్వాత చిన్న టార్గెట్. గది 10 మీటర్లుండదు కదా, బొమ్మను తగ్గించాలి. 5 మీటర్ల దూరానికి నల్లటి వృత్తం వ్యాసం 29.75 మి.మీ., 3 మీటర్లకు దాదాపు 18 మి.మీ. ఎత్తు కూడా లెక్కే. పోటీలో టార్గెట్ నడిమధ్య నేల నుంచి 140 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. మీ కళ్లు 160 సెం.మీ. ఎత్తులో ఉంటే, 5 మీటర్ల దగ్గర బొమ్మను 150 సెం.మీ. ఎత్తులో అంటించాలి. ఇది పట్టించుకోకుండా 140లోనే అంటిస్తే భుజం తప్పుడు ఎత్తుకు అలవాటు పడి, రేంజ్‌లో షాట్లు నిలువుగా చెదురుతాయి.

చివర్లో నిలకడ. చేయి ఎత్తి 20 సెకన్లు పట్టుకుని, 40 సెకన్లు విశ్రాంతి, అలా పదిసార్లు. వారానికి కొన్ని సెకన్లు పెంచుతూ 30కి చేరండి. పిస్టల్ ఇంకా కొననివారు లీటరు నీళ్ల సీసాతో చేయవచ్చు, బరువు దాదాపు అంతే. ఇది ఎప్పుడూ చివర్లోనే చేయాలి. ముందే చేస్తే అలిసిన చేతితో ట్రిగ్గర్ సాధన చెడిపోతుంది. భుజం కీలులో నొప్పి వస్తే ఆపేయండి. కండరం మండటం వేరు, కీలు నొప్పి వేరు.

రేంజ్‌లో పెల్లెట్లతో

హైదరాబాద్‌లో గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్నటువంటి పెద్ద రేంజ్ అందుబాటులో ఉన్నా, మీ ఊళ్లో నాలుగు లేన్ల చిన్న రేంజే ఉన్నా, పెల్లెట్లు ఎలా వాడతారన్నదే లెక్క. రోజుకు 60 చాలు. 150 కాల్చి అలసిపోయి, తప్పుల్ని ముదరబెట్టుకుని ఇంటికి పోవద్దు.

మొదటి 20 షాట్లు తిరగేసిన కార్డు మీద కొట్టండి. వలయాలుండవు, తెల్ల కాగితమే. ఒక్కో కార్డుకు ఐదు. గుంపు ఎక్కడ పడిందో వదిలేసి, ఎంత చిన్నగా పడిందో స్కేలుతో కొలవండి. బయటి అంచు నుంచి బయటి అంచుకు 20 మి.మీ. లోపు గుంపు వస్తే, సైట్లు సర్దితే అవన్నీ పదులే. మొదటి నెలల్లో 50, 60 మి.మీ. రావడం మామూలే. ఈ కొలత వారం వారం తగ్గుతోందా అన్నదే చూడాలి, స్కోరు కాదు.

తర్వాతి 20, 30 షాట్లు మామూలు టార్గెట్ మీద. ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి. మానిటర్ వైపు చూసేముందు షాట్ ఎక్కడ పడిందో మీరే చెప్పాలి: "తొమ్మిది, మూడు గంటల వైపు". పుస్తకంలో రాసి, అప్పుడే చూడాలి. పది షాట్లలో ఎనిమిది మీరు చెప్పిన చోటే పడుతుంటే మీ కన్ను నిజంగా సైటు మీద ఉంది. చెప్పింది ఒకటి, పడింది ఒకటి అవుతుంటే కన్ను టార్గెట్ మీద ఉంది, లేదా తెగే క్షణంలో కనురెప్ప వాలుతోంది. ఎనిమిది పడటం కన్నా, ఎనిమిది పడిందని తెలియకపోవడం పెద్ద సమస్య.

మిగిలిన పది షాట్లలో ఒక మిత్రుడి సాయం తీసుకోండి. మీరు తల తిప్పుకుంటే ఆయన ఒకసారి పెల్లెట్ పెట్టి, ఒకసారి పెట్టకుండా, మరోసారి డ్రై ఫైర్‌కు మార్చి ఇస్తారు. లోపల ఏముందో మీకు తెలియదు. ఉత్తగా తెగినప్పుడు సైటు కిందికి దూకితే, షాట్ శబ్దానికి ముందే చేయి సిద్ధపడుతోందన్నమాట. మాటల్లో ఎంత చెప్పినా నమ్మనివారు ఇది ఒక్కసారి చూస్తే నమ్ముతారు. వారానికొకసారి ఇంకో పని చేయండి. ప్రతి ఐదో షాట్‌ను గురి కుదిరినా కావాలనే కొట్టకుండా దించేయండి. దించడం అలవాటైతే పోటీ రోజు చేయి దానంతటదే దిగుతుంది.

గుంపును చదవడం

గుంపు చిన్నగా ఉండి పక్కకు పడితే సైటు సర్దాలి. వెనక సైటును పెల్లెట్ ఎటు వెళ్లాలో అటే జరపాలి. స్క్రూ ఎటు తిప్పితే ఎటు జరుగుతుందన్నది బ్రాండును బట్టి మారుతుంది, ఒక క్లిక్కు ఎన్ని మిల్లీమీటర్లన్నదీ మారుతుంది. పది క్లిక్కులు తిప్పి, ఐదు షాట్లు కొట్టి, ఎంత జరిగిందో కొలిచి పెట్టె మూత లోపల రాసి అంటించుకోండి. ఒక్క షాట్ చూసి సైటు ముట్టుకోవద్దు. మీరు బాగా తెగిందని చెప్పిన షాట్లు కనీసం ఐదు ఒకే వైపు పడితేనే తిప్పండి. చెడ్డ షాట్ తర్వాత సైటు తిప్పేవారు తర్వాతి పది షాట్లు సైటు వెంట పరిగెడుతూనే ఉంటారు.

గుంపు నిలువుగా సాగితే ఊపిరి ప్రతిసారీ ఒకే చోట ఆగడం లేదు, లేదా మణికట్టు సడలుతోంది, లేదా తెల్ల జాగా ఒక్కోసారి ఒక్కోలా వదులుతున్నారు. అడ్డంగా సాగితే ముందు పాదాలు చూడండి, తర్వాత ట్రిగ్గర్ వేలు. ఎడమ కింద పడేవి నొక్కేసినవి. కుడికి పడేవి తరచూ బొటనవేలు తోసినవి. కుడి పైకి పోయేవి అరచేతి మడమ ముందుకు నెట్టినవి. ఇలా దిక్కుల వారీగా కారణాలు గీసిన చార్టులు చాలా రేంజ్‌ల గోడల మీద ఉంటాయి. వాటిని వేదంలా నమ్మొద్దు. గ్రిప్ కోణం మారితే దిక్కులు కూడా కొంత మారతాయి. చార్టు అనుమానం ఇస్తుంది, డ్రై ఫైరింగ్‌లో సైటు కదలిక రుజువు ఇస్తుంది. అక్కడ కూడా పిస్టల్ అటే దూకితేనే కారణం అదని తేల్చుకోండి.

పెల్లెట్ల సంగతి ఒక మాట. ముందు భాగం చదునుగా ఉండే మ్యాచ్ పెల్లెట్లే వాడాలి. అవి కాగితాన్ని గుండ్రంగా, శుభ్రంగా కోస్తాయి. తల సైజు 4.49, 4.50 అని డబ్బా మీద ఉంటుంది. ఏ సైజు మీ గొట్టానికి పడుతుందో పరీక్షించడం బాగానే ఉంటుంది గానీ, 600కు 550 స్కోరు దాటని వారికి దానివల్ల వచ్చే లాభం కనిపించనంత చిన్నది. కింద పడి అంచు నొక్కుకున్న పెల్లెట్‌ను మాత్రం ఎవరైనా పక్కన పడేయాల్సిందే.

పోటీ లెక్క

ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 60 షాట్లకు 75 నిమిషాలు. దానికి ముందు 15 నిమిషాలు సిద్ధపడటానికి, సైటర్లకు (స్కోరులో కలవని పరీక్ష షాట్లకు). అంటే షాట్‌కు సగటున నిమిషం పావు. ధారాళంగా ఉన్నట్టే, కానీ దించేసిన గురులు, విశ్రాంతి, నీళ్లు అన్నీ అందులోనే. సైటర్లు ఎన్నైనా కొట్టొచ్చు గదా అని 30 కొట్టి భుజం అలవగొట్టుకోకండి. 12 నుంచి 15 చాలు, అందులోనూ మొదటివి డ్రై ఫైర్‌గా చేయండి. 20 షాట్ల తర్వాత ఒకసారి, 40 తర్వాత ఒకసారి పిస్టల్ పెట్టేసి రెండు నిమిషాలు కూర్చోండి. రెండు ఎనిమిదులు వరసగా పడితే మూడో పెల్లెట్ పెట్టకముందు మూడు డ్రై ఫైర్లు చేయండి. సమయం దానికే ఉంది.

చివరి 15 నిమిషాలు చేతిలో మిగిలేలా వేగం సర్దుకోవడం మంచిది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌లో మను భాకర్ పిస్టల్ మధ్యలో చెడి చాలా సమయం పోయింది. 575తో 12వ స్థానంలో నిలిచి ఫైనల్‌కు చేరలేకపోయారు. అదే క్రీడాకారిణి 2024 పారిస్‌లో ఇదే పోటీలో కాంస్యం గెలిచారు. పారిస్‌లోనే పురుషుల పోటీలో సరబ్‌జోత్ సింగ్ 577 కొట్టి ఎనిమిదో స్థానంలో ఉన్నవారితో సమానంగా నిలిచారు. లోపలి పదులు (పదో వలయం లోపలి చిన్న వృత్తంలో పడినవి) ఆయనకు 16, అవతలివారికి 17. ఆ ఒక్క తేడాతో ఫైనల్ తప్పింది. లోపలి పది వృత్తం వ్యాసం 5 మి.మీ. మాత్రమే. కాబట్టి పది పడుతోంది కదా అని, గుంపు రెండు మిల్లీమీటర్లు పక్కకు ఉన్నా సైటు సర్దకుండా వదిలేయకండి.

పోటీకి ముందు రాత్రి పెట్టె తెరిచి ఇవి చూడండి: సిలిండర్ నిండుగా ఉందా, రెండోది కూడా నింపారా, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అయితే బ్యాటరీ కొత్తదా, అదనపు బ్యాటరీ ఉందా, సైటు స్క్రూలు, గ్రిప్ స్క్రూ బిగుతుగా ఉన్నాయా, వాటికి సరిపోయే అలెన్ కీలు, ఓ-రింగులు (గాలి లీకవకుండా వేసే రబ్బరు రింగులు), సేఫ్టీ ఫ్లాగ్, చెమట తుడుచుకునే పొడి గుడ్డ. ఒకే డబ్బా నుంచి తీసిన 100 పెల్లెట్లు ముందే ఏరి వేరే డబ్బాలో పెట్టుకోండి. కొత్త గ్రిప్ పుట్టీ, కొత్త కళ్లద్దం, కొత్త ట్రిగ్గర్ సర్దుబాటు ఏవీ పోటీకి ముందు రెండు వారాల్లో చేయకండి. వెనక సైటు ఇప్పుడు ఏ క్లిక్కు మీద ఉందో, ట్రిగ్గర్ బరువెంతో ఒక చీటీ మీద రాసి పెట్టెలో ఉంచండి. ప్రయాణంలో ఏదైనా కదిలితే ఆ చీటీ చూసి మళ్లీ పాత చోటికి తెచ్చుకోవచ్చు.